మల్టీమీటర్‌తో డయోడ్, ట్రాన్సిస్టర్ పరీక్షించడం

ముందు ప్లగ్ పీకేయండి. 230 వోల్టుల మెయిన్స్‌తో నడిచే ఛార్జర్ బోర్డులో పెద్ద కెపాసిటర్ 300 వోల్టులకు పైగా పట్టి ఉంచుతుంది. 10 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న పట్టకారుతో పట్టుకుని కెపాసిటర్ రెండు కాళ్లకూ పది సెకన్లు ఆనించండి. డీసీ వోల్టుల్లో సున్నాకు దిగిందని చూశాకే బోర్డు మీద చెయ్యి వేయాలి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయడం మాత్రం వద్దు.

మీటర్‌ను డయోడ్ గుర్తుకు తిప్పండి. 1ఎన్4007 అనే మామూలు డయోడ్‌కి వెండి గీత ఉన్న కాలు క్యాథోడ్ (కరెంటు బయటికి వచ్చే కాలు). నల్ల ప్రోబు అక్కడ, ఎర్రది రెండో కాలికి పెడితే 0.5 నుంచి 0.7 మధ్య అంకె రావాలి. ప్రోబులు మారిస్తే ‘ఓఎల్’ (కరెంటు పోవడం లేదని), కొన్ని మీటర్లలో ఎడమ చివర ‘1’.

ఆ అంకె ఓమ్‌లు కాదు, వోల్టులు. సిలికాన్ అణువుకు బయటి కక్ష్యలో 4 ఎలక్ట్రాన్లు. అయిదున్న ఫాస్ఫరస్ కలిపితే ఒక ఎలక్ట్రాన్ మిగిలి ఎన్ రకం, మూడే ఉన్న బోరాన్ కలిపితే ఒక ఖాళీ ఏర్పడి పీ రకం అవుతాయి. రెండూ కలిసేచోట ఎలక్ట్రాన్లు ఖాళీల్లో పడిపోయి, కరెంటు మోసేవి లేని పలుచని పొర మిగులుతుంది. మీటర్ పంపే కొద్దిపాటి కరెంటు ఆ అడ్డు దాటడానికి పట్టిన వోల్టేజీనే మీరు చూస్తున్నారు. తిరగేసి పెడితే పొర ఇంకా వెడల్పవుతుంది.

మీటర్ చూస్తూ డయోడ్‌ను రెండు వేళ్లతో నొక్కి పట్టుకోండి: 0.580 మెల్లగా 0.570 వైపు జారుతుంది. డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గడం సిలికాన్ స్వభావం. అందుకే అప్పుడే ఆపిన వేడి బోర్డులో అంకె కాస్త తక్కువొస్తే డయోడ్ పోయినట్టు కాదు. 1ఎన్5819 లాంటి షాట్కీ డయోడ్లు (సిలికాన్‌కు లోహం ఆనించి చేసేవి) చల్లగా ఉన్నా 0.15–0.3 దగ్గరే ఉంటాయి.

రెండు వైపులా సున్నా వస్తే షార్ట్, రెండు వైపులా ‘ఓఎల్’ అయితే ఓపెన్, అంటే లోపల తెగిపోయింది. సున్నా వచ్చినంత మాత్రాన పీకి పారేయకండి. పక్కనే ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట ఉన్నా సున్నాయే చూపిస్తుంది. ఒక కాలికి సోల్డర్ తీసి పైకి లేపి మళ్లీ కొలవండి.

ఇక ట్రాన్సిస్టర్. ఎన్‌పీఎన్ రకం (రెండు ఎన్ పొరల మధ్య పీ పొర) బీసీ547 చదును వైపు మీకేసి, కాళ్లు కిందికి ఉంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904లో ఈ వరస తిరగబడుతుంది, చాలామంది పొరబడేది ఇక్కడే. ఎర్ర ప్రోబు బేస్‌కి పెట్టి, నల్లది మిగతా రెండింటికీ ఆనిస్తే రెండుసార్లూ 0.6–0.7 రావాలి, ఎమిటర్ వైపు రవ్వంత ఎక్కువ. కలెక్టర్, ఎమిటర్ మధ్య ఎటు పెట్టినా ‘ఓఎల్’ రావాలి. అక్కడ బీప్ మోగితే ట్రాన్సిస్టర్ పోయినట్టే. బీసీ557 లాంటి పీఎన్‌పీ (రెండు పీ పొరల మధ్య ఎన్ పొర) ట్రాన్సిస్టర్‌కైతే బేస్ మీద నల్ల ప్రోబు.

ఛార్జర్ అవుట్‌పుట్ వైపు పోయిన డయోడ్ స్థానంలో 1ఎన్4007 వేయొద్దు. అక్కడ కరెంటు సెకనుకు వేల సార్లు దిశ మారుతుంది. 1ఎన్4007 జంక్షన్‌లో పేరుకున్న ఎలక్ట్రాన్లు, ఖాళీలు అంత తొందరగా ఖాళీ కావు, డయోడ్ కాలిపోతుంది. పాతదాని మీదున్న నంబరే తెచ్చి వేయండి. మీటర్ మీద మాత్రం సరైన డయోడ్, 1ఎన్4007 రెండూ ‘బాగున్నట్టే’ కనిపిస్తాయి.