దరువు పాడుతూ ఆడాలంటే

సినిమాలో పాట ముందే రికార్డయి ఉంటుంది. ఆడేవాళ్లు పెదవులు కదిపితే చాలు, ఆయాసం ఎవరికీ వినబడదు. తెలంగాణ యక్షగానంలో దరువు, అంటే పాత్ర ఆడుతూ పాడే పాట, పాడేదీ ఆడేదీ ఒక్కరే. హన్మకొండ, జనగామ వైపు కాలేజీ జట్లు సినిమా స్టెప్పులను దరువులో పెడితే రెండో చరణానికే గొంతు చిక్కుకుపోతుంది. ముందు వంత (పాత్ర పాడిన పాదాన్ని తిరిగి పాడే బృందం) ఎక్కడ అందుకుంటుందో తేల్చుకుని, ఆ తర్వాతే అడుగులు కట్టండి.

ప్రవేశ దరువుకు, అంటే పాత్ర రంగం మీదికి వచ్చే పాటకు, ఇద్దరు తెర పట్టుకోవాలి. తెర వెనక నుంచి ముందు గజ్జెల చప్పుడే వినిపించాలి. ఎనిమిది దెబ్బల ఆదితాళంలో రెండు ఆవర్తాలు (తాళం చుట్లు), అంటే 16 దెబ్బలు చాలు. తర్వాతి రెండు ఆవర్తాల్లో తీర్మానం, అంటే మూడుసార్లు పలికే ముగింపు జతి. జట్లు తప్పేది ఇక్కడే. అక్షరానికో దెబ్బ చొప్పున 'తధిగిణతోం' మూడుసార్లంటే 15 దెబ్బలు. మూడో దెబ్బ మీద అందుకుంటే చివరి 'తోం' సరిగ్గా తర్వాతి ఆవర్తం సమం (మొదటి దెబ్బ) మీద పడుతుంది, తెర కూడా అప్పుడే దిగాలి. సమం మీదే మొదలుపెడితే తీర్మానం రెండు దెబ్బల ముందే అయిపోయి, వేషం తెర వెనక ఊరికే నిలబడిపోతుంది.

ఇక పాట. పాత్ర పాదం పాడేటప్పుడు నిలబడ్డ చోటే మడమతో తాళం వేస్తే చాలు, అభినయం చేతులకు, కళ్లకు వదిలేయండి. వంత ఆ పాదాన్ని రెండుసార్లు అంటుంది. మొదటిసారి ముందుకు చిందు, రెండోసారి వెనక్కి. వెనక్కి వచ్చే ఆవర్తంలో చివరి నాలుగు దెబ్బలు అడుగు వేయకుండా వదిలేయాలి, అది ఊపిరి తీసుకునే చోటు. దాన్నీ అడుగుతో నింపితే తర్వాతి పాదం ఎత్తుగడలోనే శ్రుతి జారుతుంది.

పేరిణి (కాకతీయుల కాలపు వీర నృత్యం) నేర్చినవాళ్లు జట్టులో ఉంటే వాళ్ల గెంతులను యుద్ధ ఘట్టానికి దాచండి. జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం 'నృత్తరత్నావళి'నీ రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ మళ్లీ నిలబెట్టిన ఆట అది. వాద్యమే దానికి బలం. పాట ఆగి మద్దెల ఒక్కటే మోగే నిమిషంలో దాని అందం పూర్తిగా కనిపిస్తుంది.

కిరీటం తాడు గడ్డం కింద బిగిస్తే దవడ ఆడదు, తల వెనక కట్టండి. పొణికి కర్ర భుజకీర్తులు తేలికే గాని చేతుల్ని పైకి లేవనివ్వవు. అందుకే చివరి వారం సాధన మొత్తం ఆహార్యంతోనే, అంటే వేషం, నగలు పెట్టుకునే చేయాలి. గజ్జెల కింద గుడ్డ పట్టీ చుట్టకపోతే చర్మం ఒరుసుకుపోతుంది.

దరువు అయిన వెంటనే వచనం చెప్పించి చూడండి. మాట మధ్యలో ఊపిరి తెగితే ఒక అడుగు తీసేయండి, సాహిత్యం జోలికి పోవద్దు.