పాత లైట్ గన్‌కి కొత్త కన్ను: ఫ్లాట్ టీవీ మీద మళ్లీ గురి కుదిరేలా చేయడం

పాత లైట్ గన్‌ని, అంటే టీవీ తెరకి గురిపెట్టి ఆడే వీడియో గేమ్ తుపాకీని, ఇప్పటి ఫ్లాట్ టీవీకి గురిపెట్టి ట్రిగ్గర్ ఎన్నిసార్లు నొక్కినా ఆటలో ఒక్క బాతు కూడా పడదు. గన్ పాడైపోయిందనుకుని చాలామంది పారేస్తారు. దయచేసి పారెయ్యకండి. గన్ బాగానే ఉండి ఉంటుంది, అది వెతికే వెలుతురే ఈ టీవీల్లో లేదు.

నింటెండో జాపర్‌నే తీసుకోండి. ట్రిగ్గర్ నొక్కగానే గేమ్ ఒక్క ఫ్రేమ్ సేపు, అంటే సెకనులో 60వ వంతు, స్క్రీన్ మొత్తాన్ని నల్లగా చేసేసి వెంటనే టార్గెట్ ఉన్న చోట తెల్లటి గడి వేస్తుంది. గొట్టంలో ఉన్న ఫోటోడయోడ్‌కి (వెలుగుని పసిగట్టే భాగం) ముందు చీకటి, ఆ తర్వాత వెలుగు కనబడితే గురి తగిలినట్టు లెక్క. బల్బు వైపు గురిపెట్టి మోసం చేయకుండా ఇందులో ఒక ఫిల్టర్ కూడా ఉంది: డబ్బా టీవీలో (పాత సీఆర్‌టీ) బొమ్మని గీసే కిరణం సెకనుకి సుమారు 15,700 గీతలు గీస్తుంది కాబట్టి ఆ వేగంతో మినుకుమనే వెలుగునే ఇది లెక్కలోకి తీసుకుంటుంది. ఫ్లాట్ టీవీలో ఆ మినుకు ఉండదు, పైగా బొమ్మ తెరమీదికి కాస్త ఆలస్యంగా వస్తుంది, అప్పటికి గేమ్ చూడటం మానేసి ఉంటుంది. ప్లేస్టేషన్ కోసం నామ్కో చేసిన గన్‌కాన్‌ది ఇంకో పద్ధతి. అది వీడియో వైరు నుంచి సింక్ సిగ్నల్ (ప్రతి బొమ్మ, గీత ఎప్పుడు మొదలవుతుందో చెప్పేది) తీసుకుని, కిరణం తన ముందునుంచి ఏ క్షణంలో వెళ్లిందో చూసి చోటు లెక్కగడుతుంది. ఫ్లాట్ టీవీలో ఆ కిరణమే లేదు.

అందుకని లోపలి పాత సర్క్యూట్‌ని ఎంత బాగుచేసినా లాభం లేదు. గన్‌లో ఫిల్టర్ తీసేసి, గేమ్‌లో ఆలస్యాన్ని సర్దే ప్యాచ్ వేసే దారి ఒకటి ఉంది గానీ, ప్రతి గేమ్‌కీ విడిగా ప్యాచ్ కావాలి. నా లెక్కలో సరైన దారి ఒక్కటే: గన్ ఒళ్లు, ట్రిగ్గర్ ఉంచుకుని కన్ను మార్చడం. గొట్టంలో చిన్న ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెట్టాలి, టీవీ చుట్టూ నాలుగు ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ చుక్కలు అతికించాలి. ఆ చుక్కలు తనకు ఎక్కడ కనబడుతున్నాయో చూసి గన్ తన గురి ఎక్కడుందో తేల్చుకుంటుంది. నింటెండో వీ కన్సోల్ రిమోట్ పనిచేసే సూత్రమే ఇది, కాకపోతే టీవీ దగ్గర పెట్టే దాని సెన్సర్ బార్‌లో రెండే చుక్కలుంటాయి. నాలుగు ఉంటే మీరు పక్కకి జరిగినా, ముందుకొచ్చినా, గన్ వంచినా లెక్క తప్పదు, సైట్‌లోంచి కన్ను పెట్టి చూసి కాల్చొచ్చు.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక మాట. మీ దగ్గర డబ్బా టీవీ ఉండి, గన్ దాని మీద పనిచేస్తుంటే ఆ గన్ జోలికి వెళ్లకండి. ఇలాంటివి మళ్లీ తయారవ్వవు. సెన్సర్ పోయిన గన్నో, వైరు తెగిందో, చవక నకలు గన్నో చూసుకోండి. దాన్ని కూడా కోసి పాడుచేయకుండా పాత బోర్డుని మొత్తంగా బయటికి తీసి కవర్లో పెట్టి దాచండి, రేపు ఎవరైనా దాన్ని వెనక్కి తేవాలనుకుంటే తేగలగాలి.

కన్సోల్ సంగతి కూడా ముందే తేల్చుకోండి, ఎందుకంటే సగంమంది నిరాశపడేది ఇక్కడే. ఇలా మార్చిన గన్ యూఎస్‌బీలో మౌస్‌గానో గేమ్‌ప్యాడ్‌గానో కనబడుతుంది. కంప్యూటర్, రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ లాంటి ఎమ్యులేటర్ పెట్టెలు (పాత కన్సోల్‌లా నటించి దాని గేమ్‌లు నడిపేవి) దాన్ని వెంటనే గుర్తుపడతాయి. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మాత్రం తమ గుర్తింపు లేని కంట్రోలర్‌ని ఒప్పుకోవు. మధ్యలో కన్వర్టర్ పెట్టి ఒప్పించొచ్చు గానీ అప్పుడు గన్ కదలిక స్టిక్ కదలికగా వెళ్తుంది, గురిపెట్టిన చోటికే గుర్తు రావాలంటే ఆ గేమ్ కూడా అలా రాసి ఉండాలి, అలాంటివి చాలా తక్కువ. అందుకే టీవీ కింద ఒక రాస్‌బెర్రీ పై పెట్టుకుని దాన్నే మీ కన్సోల్ అనుకోండి, హాయిగా ఉంటుంది. కింద రాసిందంతా దాని కోసమే.

కావలసినవి: గన్ లోపల పెట్టడానికి రాస్‌బెర్రీ పై పికో బోర్డు (టీవీ కింద పెట్టే పై వేరు, ఇది వేరు), డీఎఫ్‌రోబో అమ్మే ఇన్‌ఫ్రారెడ్ పొజిషనింగ్ కెమెరా, 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీలు ఎనిమిది, 47 ఓముల రెసిస్టర్లు నాలుగు, ఒక మైక్రోస్విచ్, మంచి యూఎస్‌బీ వైరు, సన్న వైర్లు, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్. సాఫ్ట్‌వేర్‌కి ఓపెన్‌ఫైర్, అది ఉచితం; పికోలోకి ఎక్కించే ప్రోగ్రామ్ (ఫర్మ్‌వేర్), దాన్ని సర్దుకునే కంప్యూటర్ యాప్ రెండూ అందులోవే.

ఎల్ఈడీలతో మొదలుపెట్టండి, గన్ విప్పకముందే ఈ పని అయిపోతే మిగతాది పరీక్షించుకోవడం తేలిక. ఒక్కో చుక్కకి రెండు ఎల్ఈడీలు వరసగా (ఒకదాని తర్వాత ఒకటి, సిరీస్‌లో), వాటితో పాటు ఒక 47 ఓముల రెసిస్టర్, 5 వోల్టులు. రెండు ఎల్ఈడీలూ కలిసి సుమారు 2.6 వోల్టులు తీసుకుంటాయి, మిగిలిన 2.4 వోల్టులు రెసిస్టర్ మీద పడితే కరెంటు సుమారు 50 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. నాలుగు చుక్కలకీ కలిపి 200, యూఎస్‌బీ పోర్టుకి ఇది పెద్ద బరువు కాదు. పొడుగు కాలు ప్లస్ వైపు. ఎల్ఈడీలు కొనేటప్పుడు వెలుగు వెడల్పుగా చిమ్మేవి చూసుకోండి, సన్నగా చిమ్మేవైతే మీరు పక్కకి జరగగానే కెమెరాకి కనబడవు. రెండింటినీ కొంచెం చెరో పక్కకి వంచి పెడితే ఇంకా మంచిది. చుక్కల్ని టీవీ నాలుగు అంచుల్లో ఒక్కో అంచు మధ్యలో అతికించండి, ఓపెన్‌ఫైర్‌లో దీన్ని డైమండ్ అంటారు. కింది అంచు మధ్యలో చాలా టీవీలకి రిమోట్ కన్ను ఉంటుంది, ఎల్ఈడీ వెలుగు నేరుగా దాని మీద పడితే రిమోట్ మొరాయిస్తుంది, కాస్త ముందుకి జరిపి పెట్టండి. ఈ వెలుగు కంటికి కనబడదు. వెలుగుతున్నాయో లేదో చూడాలంటే ఫోన్ ముందు కెమెరాలోంచి చూడండి, ఊదారంగు చుక్కల్లా కనిపిస్తాయి (వెనక కెమెరాలో సాధారణంగా ఫిల్టర్ ఉంటుంది, అందులో కనబడకపోతే కంగారు పడకండి).

ఇప్పుడు గన్. బల్ల మీద పడుకోబెట్టి, స్క్రూలన్నీ తీసి, పై సగాన్ని నెమ్మదిగా నిటారుగా పైకి ఎత్తండి. ఎత్తగానే ఏదీ ముట్టుకోకుండా ముందు ఫోటో తీయండి. ట్రిగ్గర్ స్ప్రింగ్ ఎటు ఆనుకుని ఉందో, ఏ పిన్ను ఏ గాడిలో ఉందో ఆ ఫోటో లేకపోతే తర్వాత గుర్తుండదు, స్ప్రింగ్ ఎగిరిపోయిందంటే గదంతా వెతకాలి.

జాపర్ అయితే ట్రిగ్గర్ దగ్గర ఒక విశేషం ఉంది, ఇది తెలియక చాలామంది ఫర్మ్‌వేర్‌ని తిట్టుకుంటారు. ట్రిగ్గర్ సగం నొక్కినప్పుడు లోపలి స్విచ్ కలుస్తుంది, పూర్తిగా నొక్కేసరికి మళ్లీ విడిపోతుంది. అంటే మీరు వేలు బిగబట్టి ఉంచినా స్విచ్ మాత్రం వదిలేసినట్టే చెబుతుంది. ఆ కాలం గేమ్‌లకి ఆ ఒక్క పల్స్ చాలు, అవి దాన్ని దృష్టిలో పెట్టుకునే రాశారు. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని కాల్చే గేమ్‌లో మాత్రం ఒక్క గుండుతో ఆగిపోతుంది. మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి ట్రిగ్గర్‌ని మెల్లగా నొక్కుతూ వినండి, బీప్ వచ్చి ఆగిపోవడం మీకే తెలుస్తుంది. పరిష్కారం: పాత స్విచ్ బదులు మామూలు మైక్రోస్విచ్‌ని, ట్రిగ్గర్ చివరిదాకా వెళ్లినప్పుడు దాని మీట నొక్కుకునే చోట బిగించండి. స్ప్రింగులూ ఆ ‘టక్’ మనే యంత్రాంగమూ అలాగే ఉంచండి. ఆ చప్పుడు, వేలికి తగిలే ఆ బిగువు లేకపోతే ఇంత శ్రమపడి పాత గన్నే వాడటంలో అర్థం లేదు. గన్‌కాన్‌లో ట్రిగ్గర్‌తో పాటు పక్కల రెండు బటన్లు ఉంటాయి, వాటినీ వదలకుండా వైర్లు లాగండి, టైమ్ క్రైసిస్ గేమ్‌కి అవి కావాలి.

గొట్టం చివర ఉన్న ప్లాస్టిక్ లెన్స్ తీసెయ్యాలి, అది ఉంటే కెమెరాకి చుక్కలు చెదిరి కనబడతాయి. కెమెరాని గొట్టం మూతి దాకా తీసుకురండి. అది అడ్డంగా 33 డిగ్రీలు, నిలువుగా 23 డిగ్రీలు చూస్తుంది. లోపలికి పెడితే గొట్టం గోడలు ఆ చూపుని కోసేస్తాయి, మీరు టీవీ మూలకి గురిపెట్టినప్పుడు చుక్కలు మాయమవుతాయి. గన్ మధ్యగీతకి తిన్నగా, వంకర లేకుండా, కదలకుండా ఉండాలి. ముందు కొంచెం హాట్ గ్లూతో నిలిపి, పరీక్షించి, అంతా కుదిరాకే గట్టిగా బిగించండి. కొద్దిపాటి వంకరని క్యాలిబ్రేషన్ (గురిని తెరతో సరిపెట్టుకునే పని, కింద వస్తుంది) సర్దేస్తుంది, ఆడుతుండగా కదిలే కెమెరాని మాత్రం ఏదీ సర్దలేదు.

వైరింగ్ పెద్ద కష్టం కాదు. కెమెరాకి నాలుగు వైర్లు: పవర్, గ్రౌండ్, ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ (చివరి రెండూ కెమెరా, పికో మాట్లాడుకునేవి). పవర్‌ని పికో మీద 3.3 వోల్టుల పిన్నుకే కలపండి, 5 వోల్టులకి వద్దు, ఎందుకంటే పికో పిన్నులు 5 వోల్టుల సిగ్నల్‌ని భరించేలా తయారు చేసినవి కావు. వైరు రంగుల్ని నమ్మకండి, బోర్డు మీద అచ్చువేసిన పేర్లు చూసి కలపండి. ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ తారుమారైతే ఏదీ కాలిపోదు, కెమెరా దొరకదు అంతే, మార్చి కలపండి. ట్రిగ్గర్, బటన్లు ఒక్కోటీ ఒక పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య, రెసిస్టర్లు అక్కర్లేదు, ఇక్కడ కావలసిన పుల్-అప్ రెసిస్టర్ పికో లోపలే ఉంటుంది. ఏ పని ఏ పిన్నుదో ఓపెన్‌ఫైర్ యాప్‌లో కనబడుతుంది, అక్కడే మార్చుకోవచ్చు కూడా. పికో 51 మిల్లీమీటర్ల పొడవు, 21 వెడల్పు ఉంటుంది, బిగించే ముందు మీ గన్‌లో ఎక్కడ పడుతుందో అట్టముక్క కోసి చూసుకోండి. యూఎస్‌బీ వైరు బయటికొచ్చే చోట, పాత వైరు ఎలా మెలికలు తిరిగి బిగుసుకుని ఉండేదో అలాగే దీన్నీ తిప్పండి. ఆడేటప్పుడు వైరు లాగినప్పుడల్లా ఆ బరువు పికో సాకెట్ మీద పడితే కొన్నాళ్లకి అది ఊడొస్తుంది.

ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి పికో మీద బూట్‌సెల్ బటన్ నొక్కి పట్టుకుని కంప్యూటర్‌కి గుచ్చండి, పెన్‌డ్రైవ్‌లా కనబడుతుంది, ఫర్మ్‌వేర్ ఫైల్‌ని అందులో పడేస్తే సరి. గన్ మూసేముందే ఈ పని చేయండి. తర్వాత యాప్‌లో ఎల్ఈడీల అమరికని డైమండ్‌కి మార్చి, కెమెరా పరీక్షలో నాలుగు చుక్కలు స్థిరంగా కనబడుతున్నాయో చూడండి. ఐదోది కనబడితే అది కిటికీలోంచి వచ్చే ఎండో, పాత రకం వేడి బల్బో, టీవీ ముందు అద్దం బల్ల మీద పడ్డ ప్రతిబింబమో అయ్యుంటుంది. గురి ఉన్నట్టుండి గెంతుతోందంటే నేను మొదట చూసేది ఆ అద్దాన్నే, దాని మీద ఒక గుడ్డ కప్పితే చాలాసార్లు అక్కడితో తేలిపోతుంది.

దూరం కూడా ముఖ్యం. టీవీ వెడల్పుకి కనీసం రెండింతల దూరంలో నిలబడండి. తెర మధ్యకి గురిపెట్టినప్పుడు నాలుగు చుక్కలూ కెమెరాలో పట్టాలి, అంచులకి వెళ్లినప్పుడు ఒకటి తప్పిపోయినా మిగతావాటిని బట్టి ఫర్మ్‌వేర్ లెక్క వేసుకుంటుంది. గది చిన్నదైతే కెమెరా ముందు వైడ్ యాంగిల్ లెన్స్ పెట్టుకోవాల్సిందే. క్యాలిబ్రేషన్ మీరు ఆడే చోట నిలబడే చేయండి, సైట్‌లోంచి చూస్తూ, యాప్ చూపించిన గుర్తుల మీద తొందరపడకుండా ఒక్కోటీ కాల్చండి. అయ్యాక సేవ్ చేయడం మర్చిపోవద్దు.

ఇక రెట్రోఆర్చ్, అంటే పై మీద పాత గేమ్‌లు నడిపే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్. టీవీని గేమ్ మోడ్‌లో పెట్టండి. ఈ గన్ గురి టీవీ ఆలస్యం మీద ఆధారపడదు, కానీ తూటా దెబ్బ లేటుగా కనబడితే ఆట చప్పగా ఉంటుంది. నింటెండో గేమ్‌లకి ఎఫ్‌సీఈయూఎమ్ఎమ్ కోర్‌లో (కోర్ అంటే ఒక్కో పాత కన్సోల్‌లా నటించే భాగం) రెండో పోర్టు పరికరాన్ని జాపర్‌గా ఎంచుకోండి, అసలు కన్సోల్‌లో కూడా జాపర్ గుచ్చేది రెండో పోర్టులోనే. కోర్ ఆప్షన్లలో జాపర్ మోడ్ లైట్ గన్ మీద ఉండాలి. ప్లేస్టేషన్ గేమ్‌లకి బీటిల్ కోర్‌లో పరికరాన్ని గన్‌కాన్‌గా మార్చాలి. తెర బయట కాల్చి రీలోడ్ చేసే గేమ్‌లుంటే, రీలోడ్‌కి ఏ బటన్ వెళ్లాలో ఫర్మ్‌వేర్‌లోనూ రెట్రోఆర్చ్‌లోనూ ఒకేలా పెట్టండి, లేకపోతే తూటాలు అయిపోయాక అలా నిలబడిపోతారు.

అంతా కుదిరిందని తేలాకే గన్ మూసి స్క్రూలు బిగించండి. ప్లాస్టిక్‌లో స్క్రూ కదా, పాత గాడి దొరికేదాకా ముందు వెనక్కి తిప్పి, అది ‘టిక్’ మని కూర్చున్నాక ముందుకి తిప్పండి, లేదంటే గాడి అరిగిపోతుంది. నారింజ రంగో, బూడిద రంగో, ఉన్నదాన్ని అలాగే ఉంచండి, నిజం తుపాకీలా నల్లరంగు వేయకండి, చూసినవాళ్లు పొరబడితే ప్రమాదం. రికాయిల్ సోలినాయిడ్ (కాల్చినప్పుడు గన్‌ని అదిరించే విద్యుదయస్కాంతం) కావాలంటే దానికి వేరే పవర్, మోస్‌ఫెట్, రివర్స్ డయోడ్ కావాలి, గన్ కొన్నాళ్లు బాగా ఆడాక ఆలోచించండి. జతగా ఆడటానికి రెండో గన్ చేస్తే దానికి యాప్‌లో వేరే యూఎస్‌బీ ఐడీ ఇవ్వండి, రెండింటికీ ఒకే ఐడీ ఉంటే ఏది ఎవరిదో ఎమ్యులేటర్‌కి తెలియక ఆటగాళ్లు తారుమారవుతారు.