అవార్డుల మీద, పొలిటికల్ కామెడీల మీద వాదన పెట్టుకునే ముందు ఏం చూసుకోవాలి

నేషనల్ అవార్డులు అనౌన్స్ చేసిన రోజు సాయంత్రానికల్లా ఏ సినిమా గ్రూపు చూసినా రెండే డైలాగులు, ఒకటి "ఇన్నాళ్ళకి మనోళ్ళకి న్యాయం జరిగింది", రెండోది "లాబీయింగ్ బాస్, అంతా లాబీయింగ్". చదవడానికి రెండూ బానే ఉంటాయి గానీ రూల్ తెలిసినోడు ఒక్కడు వచ్చి ఒక్క ప్రశ్న అడిగితే రెండూ గాల్లో కలిసిపోతాయి. ఆ ఒక్కడు మీరే అవ్వాలంటే పెద్దగా కష్టపడక్కర్లేదు, నోరు తెరిచే ముందు కొన్ని విషయాలు చూస్కుంటే చాలు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఏ ఏడాది లెక్క అనేది. మనం సినిమాని రిలీజ్ డేట్‌తో గుర్తుపెట్టుకుంటాం, నేషనల్ అవార్డులవాళ్ళు మాత్రం సెన్సార్ సర్టిఫికెట్ ఏ క్యాలెండర్ ఇయర్‌లో వచ్చిందో చూస్తారు. ఆర్ఆర్ఆర్ థియేటర్లలోకి వచ్చింది 2022 మార్చి 25న, కానీ దానికి ఆరు అవార్డులు వచ్చింది 2021 సినిమాలకిచ్చిన 69వ అవార్డుల్లో. ఎందుకంటే 2022 జనవరి 7న వద్దామనుకుని 2021లోనే సెన్సార్ చేయించేసుకున్నారు, తర్వాత కరోనా వల్ల వాయిదా పడింది. అందుకే ఆర్ఆర్ఆర్, పుష్ప రెండూ ఒకే ఏడాది పోటీలో పడ్డాయి. హనుమాన్ సంగతీ అంతే, 2024 సంక్రాంతికి చూశాం, అవార్డులు మాత్రం 2023 లెక్కలో వచ్చాయి. ఈ ఒక్క ముక్క తెలిస్తే "ఫలానా సినిమాకి ఎందుకివ్వలేదు" అనే గొడవల్లో సగం అక్కడే ఆగిపోతాయి, ఆ సినిమా అసలు ఆ ఏడాది లిస్టులోనే ఉండదు కాబట్టి. ఇంకోటి, ప్రొడ్యూసర్ ఎంట్రీ పంపితేనే సినిమా జ్యూరీ ముందుకి వెళ్తుంది, పంపని సినిమాని వాళ్ళు ఇంటికొచ్చి వెతుక్కోరు. పైగా ఈ అవార్డులు బాగా లేటు, 2023 సినిమాలవి అనౌన్స్ చేసింది 2025 ఆగస్టు 1న. సో కోర్ట్, ది గర్ల్‌ఫ్రెండ్ లాంటి 2025 సినిమాల మీద ఇప్పుడే బెట్టింగులు కాసేవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

రెండోది, అవార్డు పేరు పూర్తిగా చదవడం. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. 69వ అవార్డుల్లో చంద్రబోస్ గారికి బెస్ట్ లిరిక్స్ వచ్చిందనగానే అందరూ నాటు నాటుకే అనుకున్నారు, అవార్డు వచ్చింది కొండపొలంలో "ధం ధం ధం" పాటకి. కీరవాణి గారికి ఆర్ఆర్ఆర్‌కి వచ్చింది బ్యాక్‌గ్రౌండ్ స్కోర్‌కి, పాటల మ్యూజిక్ అవార్డు ఆ ఏడాది పుష్పకి దేవిశ్రీ తీసుకున్నాడు. అలాగే బెస్ట్ తెలుగు ఫిల్మ్ అనేది వేరు, మొత్తం దేశానికి ఇచ్చే బెస్ట్ ఫీచర్ ఫిల్మ్ వేరు. 2023 సినిమాలకిచ్చిన 71వ అవార్డుల్లో భగవంత్ కేసరికి బెస్ట్ తెలుగు వస్తే, కొంతమంది దాన్ని తీస్కెళ్ళి బెస్ట్ ఫీచర్ ఫిల్మ్ కొట్టిన హిందీ సినిమా ట్వల్త్ ఫెయిల్‌తో పోల్చి తిట్టారు. పోల్చాల్సింది ఆ ఏడాది పోటీలో ఉన్న మిగతా తెలుగు సినిమాలతో. నన్నడిగితే అది బలగానికి రావాల్సింది, ఆ సినిమాకి కాసర్ల శ్యామ్ రాసిన "ఊరు పల్లెటూరు"కి లిరిక్స్ అవార్డు ఒక్కటే వచ్చింది, ఈ కోపం నాకు ఇంకా తగ్గలేదు. చూశారా, ఇలా చెప్తే అది ఒపీనియన్. అదే "జ్యూరీకి బుర్ర లేదు" అంటే అది ఒట్టి అరుపు.

ఆస్కార్ గురించి మాట్లాడేటప్పుడు ఇంకా జాగ్రత్త. "ఇండియా ఆర్ఆర్ఆర్‌ని పంపలేదు, అయినా ఆస్కార్ కొట్టింది, ఇదెలా" అని ఇప్పటికీ అడుగుతుంటారు. రెండు దారులున్నాయి. ఇంటర్నేషనల్ ఫీచర్ కేటగిరీకి ఒక్కో దేశం నుంచి ఒక్క సినిమానే వెళ్తుంది, మన దగ్గర ఆ ఎంపిక చేసేది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా, ఆ ఏడాది వాళ్ళు గుజరాతీ సినిమా ఛెల్లో షోని పంపారు. మిగతా కేటగిరీలకి దేశం పంపక్కర్లేదు, అమెరికాలో రూల్ ప్రకారం థియేటర్‌లో ఆడిన సినిమా అయితే నిర్మాతలే అప్లై చేసుకోవచ్చు, ఆర్ఆర్ఆర్ టీమ్ చేసింది అదే. పాటల్లో ముందు మ్యూజిక్ బ్రాంచ్ వాళ్ళు 15 షార్ట్‌లిస్ట్ చేసి, అందులోంచి 5 నామినేట్ చేస్తారు, ఆఖరి ఓటు మాత్రం అకాడమీ మెంబర్లందరిదీ. 2023 మార్చిలో నాటు నాటుకి ఆ విగ్రహం అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ స్టేజి మీద పాడారు, ప్రేమ్ రక్షిత్ స్టెప్పులు లేకపోతే ఆ పాటే లేదు, అయినా ఆ కేటగిరీలో ఇచ్చేది పాట కట్టినవాళ్ళకి, రాసినవాళ్ళకి మాత్రమే. కాబట్టి "సింగర్లకి అన్యాయం" అని మొదలుపెట్టే ముందు ఆ కేటగిరీ దేనికోసమో చూస్కోండి. ప్రచారానికి డబ్బు పెట్టారు కాబట్టి కొనేశారు అనే మాట కూడా అంతే, ఆస్కార్ రేసులో ప్రచారం చెయ్యని సినిమా ఏదైనా ఉంటే చెప్పండి, హాలీవుడ్ స్టూడియోలన్నీ చేసేది అదే. అది బహిరంగంగా నడిచే పద్ధతి. నచ్చకపోతే పద్ధతిని తిట్టండి, ఒక్క సినిమా మీద పడకండి.

మన రాష్ట్రాల అవార్డులకి వస్తే లెక్క ఇంకా సింపుల్: ఇచ్చేది ప్రభుత్వం, కమిటీ వేసేదీ ప్రభుత్వమే. నంది అవార్డులు 1964 సినిమాలతో మొదలై దశాబ్దాలు నడిచాయి, లేపాక్షి నంది బొమ్మ ఇంట్లో ఉంటే ఆ దర్జానే వేరు అనుకునేవాళ్ళు. 2017 నవంబర్‌లో 2014, 15, 16 మూడేళ్ళవీ కలిపి ఒకేసారి అనౌన్స్ చేస్తే పెద్ద రచ్చ అయింది, ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆ నందులు కదల్లేదు. తెలంగాణలో గద్దర్ పేరుతో పెట్టిన అవార్డులు 2025 జూన్ 14న హైటెక్స్‌లో ఇచ్చారు, 2024కి బెస్ట్ ఫిల్మ్ కల్కి, బెస్ట్ యాక్టర్ పుష్ప 2కి అల్లు అర్జున్, హీరోయిన్లలో 35 చిన్న కథ కాదుకి నివేదా థామస్. ఇందులో నివేదా ఎంపిక నాకు బాగా నచ్చింది, ఇద్దరు పిల్లల తల్లి పాత్ర, గ్లామర్ జోలికి పోకుండా చేసింది. ఇలాంటి లిస్ట్ వచ్చినప్పుడు పెద్ద పేర్ల దగ్గర ఆగిపోకుండా రెండో మూడో బెస్ట్ ఫిల్మ్‌లు ఏవో, స్క్రీన్‌ప్లే, ఎడిటింగ్ ఎవరికొచ్చాయో కిందిదాకా చూడండి. జ్యూరీ టేస్ట్ అక్కడే తెలుస్తుంది, పైన ఉన్న పేర్లు ఎలాగూ అందరూ ఊహించేవే.

ఇక అసలు తలనొప్పి పొలిటికల్ కామెడీ. దీని మీద ఒపీనియన్ చెప్పడం అంటే ముళ్ళకంప మీద పంచె ఆరేసుకోవడమే, ఎటు లాగినా ఏదో ఒక పార్టీవాడికి తగుల్తుంది. కానీ ఒక పద్ధతుంది. సినిమా చూశాక మూడు ప్రశ్నలు వేస్కోండి: తీసింది ఎవరు, నవ్వింది ఎవరి మీద, రిలీజ్ చేసింది ఎప్పుడు.

ఎవరి మీద నవ్వారు అనేదానికి ముందు ఓ పాత ఉదాహరణ చెప్తా. 1987లో మండలాధీశుడు వచ్చింది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్న టైమ్‌లోనే ఆయన్ని పోలిన పాత్రని కోట శ్రీనివాసరావు వేశారు, గొంతు, చేతులు తిప్పడం, ఆ నడక, అన్నీ దింపేశారు. ఎన్టీఆర్ అభిమానులు విజయవాడలో ఆయన మీద చెయ్యి చేసుకున్నారని కోట గారే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ వరసలోనే గండిపేట రహస్యం లాంటివి కూడా వచ్చాయి. నటుడిగా కోట గారి ధైర్యానికి దండం పెట్టాల్సిందే, కానీ ఇవాళ ఇరవయ్యేళ్ళ కుర్రాడికి ఆ సినిమా చూపిస్తే సగం జోకులకి నవ్వు రాదు, ఆ ముఖం వెనకున్న రాజకీయం వాడికి తెలీదు కదా. మొహం మీద కట్టిన జోకు ఆ మొహం పదవిలో ఉన్నన్నాళ్ళే బతుకుతుంది. మన దగ్గర పొలిటికల్ సెటైర్ అంటే ఇప్పటికీ ఎక్కువ నడిచేది ఇదే, పోలికలున్న మనిషిని వెతికి పట్టుకుని, విగ్గు పెట్టి, మ్యానరిజం చేయించడం. 2019లో అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు చూడండి, ముందు పెట్టిన టైటిల్ మార్చుకుని బైటికొచ్చింది, సినిమా కన్నా ఆ పోలికల ఫొటోల మీదే ఎక్కువ మాట్లాడుకున్నాం.

దీని పక్కన మండేలా పెట్టుకుని చూడండి. తమిళంలో మడోన్ అశ్విన్ మొదటి సినిమా, 2021 ఏప్రిల్‌లో థియేటర్‌కి రాకుండా డైరెక్ట్‌గా టీవీలో, తర్వాత నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, దాన్నే మనోళ్ళు 2023లో సంపూర్ణేష్ బాబుతో మార్టిన్ లూథర్ కింగ్‌గా తీశారు. ఊరి పెద్దకి ఇద్దరు పెళ్ళాలు, రెండు వర్గాలు, చెరో కొడుకు, ఇద్దరూ పంచాయతీ ఎలక్షన్లో నిలబడతారు. ఓట్లు లెక్కేస్తే రెండువైపులా సమానం. అప్పటిదాకా పేరు కూడా సరిగ్గా లేని, చెట్టు కింద పని చేస్కునే ఒక మనిషికి పోస్టాఫీసులో పనిచేసే అమ్మాయి పేరు పెట్టి గుర్తింపు కార్డు ఇప్పిస్తుంది, ఇప్పుడు ఊరంతా కావాల్సింది ఆ ఒక్కడి ఓటు. నిన్నటిదాకా గుమ్మం తొక్కనివ్వనివాళ్ళు ఇంటికి పిలిచి విస్తరేస్తారు. ఇందులో ఏ నాయకుడి పోలికా లేదు, ఏ పార్టీ జెండా లేదు, కానీ ఓటుకి నోటు తీస్కున్న ప్రతోడికీ ఎక్కడో గుచ్చుకుంటుంది. మండేలాకి బెస్ట్ డెబ్యూ డైరెక్టర్ సినిమాగా, డైలాగులకి కూడా నేషనల్ అవార్డులొచ్చాయి. మన రీమేక్‌లో నరేష్, వెంకటేష్ మహా ఆ అన్నదమ్ముల కీచులాట బాగా పండించారు, కానీ థియేటర్లలో జనం లేరు, ఈ విషయంలో ప్రేక్షకులుగా మనల్ని మనం ఓ మాట అనుకోవచ్చు.

హిందీలో న్యూటన్ కూడా ఇదే దారి, నక్సల్స్ ఉన్న అడవిలో పోలింగ్ జరిపించడానికి తంటాలు పడే గుమాస్తా కథ, 2017లో మన దేశం తరఫున ఆస్కార్‌కి వెళ్ళింది, నేషనల్ అవార్డూ వచ్చింది. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, ప్రభుత్వం వేసిన జ్యూరీ వ్యవస్థ మీద నవ్వే సినిమాని నెత్తిన పెట్టుకోగలదు, కుర్చీలో ఉన్న మనిషి మీద నవ్వే సినిమాని పెట్టుకోవడం చాలా కష్టం. పెట్టుకోకపోగా ఏం జరగొచ్చో కూడా చరిత్రలో ఉంది, ఎమర్జెన్సీలో అప్పటి ప్రభుత్వం మీద సెటైర్ అయిన కిస్సా కుర్సీ కా ప్రింట్లు తగలబెట్టేశారు, ఆ సినిమా తీసిన అమృత్ నాహటా అప్పటి కాంగ్రెస్ ఎంపీనే. కాబట్టి "ఇంత దమ్మున్న సెటైర్‌కి అవార్డు ఎందుకు రాలేదు" అని ఎవరైనా అంటే, ముందు ఆ సినిమా ఏ రకందో అడగండి.

మూడో ప్రశ్న, రిలీజ్ టైమ్. 2024 మే 13న ఆంధ్రాలో పోలింగ్. యాత్ర 2 ఫిబ్రవరి 8న, రాజధాని ఫైల్స్ ఫిబ్రవరి 15న, వ్యూహం మార్చి 2న వచ్చాయి. ఇవి కామెడీలు కావు, అయినా లెక్క అర్థమవుద్ది కదా. ఎలక్షన్‌కి మూడు నెలల ముందు వచ్చిన రాజకీయ సినిమాని, అది ఏ పార్టీదైనా సరే, ముందు ప్రచారంగా చూసి తర్వాత సినిమాగా చూడండి. ఎలక్షన్ అయిపోయిన ఏడాదికి ఓటీటీలో మళ్ళీ పెట్టి చూస్తే ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. నిలబడితే మంచి సినిమానే.

కొత్త సినిమా మీద ఒపీనియన్ రాసేటప్పుడు ఇంకో రెండు ముక్కలు. అమెరికా ప్రీమియర్ల టాక్ తెల్లారేసరికి ఫోన్లో ఉంటుంది, చూసేదాకా దాన్ని తెరవకండి, తెరిస్తే సెకండాఫ్ ల్యాగ్ అన్నమాట మీ బుర్రలో కూర్చుని మీతో పాటే టికెట్ లేకుండా సినిమా చూస్తుంది. రాసేటప్పుడు "ఎబౌ యావరేజ్, ఒకసారి చూడొచ్చు" అని కాకుండా ఒక్క సీన్ పట్టుకుని అది ఎందుకు పండిందో, ఎందుకు తేలిపోయిందో రాయండి, రేటింగ్ వెయ్యకపోయినా చదివేవాడికి అర్థమవుతుంది. పొలిటికల్ కామెడీ అయితే ఇంకో పరీక్ష కూడా పెట్టుకోండి, అదే జోకు మీరు ఓటేసిన పార్టీ నాయకుడి మీద వేసుంటే నవ్వేవారా అని. నవ్వేవాళ్ళం అనిపిస్తే ధైర్యంగా పొగడండి. అనిపించకపోతే కూడా రాయండి, కాకపోతే మీరు ఏ వైపో మొదటి లైన్లోనే చెప్పేసి రాయండి, చదివేవాళ్ళు తగ్గించుకోవాల్సింది తగ్గించుకుంటారు. ఇక ఫ్యామిలీ గ్రూపులో మాత్రం ఈ సబ్జెక్ట్ ఎత్తకండి, బాబాయి ఒక పార్టీ, మావయ్య ఇంకో పార్టీ అయితే మండేలా దగ్గర మొదలైన మాట పొలం గట్టు దాకా పోతుంది.