ఎథనాల్ ఇంజన్‌కు ఇంజెక్షన్ టైమింగ్ ఎలా సెట్ చేయాలి?

మిర్యాలగూడ మిల్లుల్లో మిగిలే నూకల లాంటి వాటి నుంచే ఎథనాల్ తీయొచ్చు. అందుకే నల్గొండ, మహబూబ్‌నగర్ ఇంజనీరింగ్ పిల్లలు ఎథనాల్ ఇంజన్‌ను ప్రాజెక్టుగా ఎంచుకుంటే నాకు చాలా సంతోషం. కానీ చాలామంది ఇంధనం పెంచి ఊరుకుంటారు, టైమింగ్ (ఇంధనం ఏ క్షణంలో చిమ్మాలన్నది) జోలికి పోరు. తేడా కొట్టేది అక్కడే.

ఈ పద్ధతి స్టాండు మీద బిగించిన, ప్రోగ్రామబుల్ ఈసీయూ (సెట్టింగులు మార్చుకోగలిగే ఇంజన్ కంప్యూటర్) ఉన్న పోర్ట్ ఇంజెక్షన్ (ఇన్‌టేక్ వాల్వ్ ముందున్న గాలి దారిలో ఇంధనం చిమ్మే) ఇంజన్‌కు మాత్రమే. బంకుల్లో పోసే ఈ20 (20 శాతం ఎథనాల్ కలిపిన పెట్రోల్)తో తిరిగే బండి ఈసీయూను ముట్టుకోవద్దు. ఆక్సిజన్ సెన్సర్ ఉంటే ఆ కాస్త తేడాను అదే సర్దుకుంటుంది.

1. ముందు కొలత. కిలో పెట్రోల్ మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి, కిలో ఎథనాల్‌కు 9 చాలు. 85 శాతం ఎథనాల్ మిశ్రమమైతే లీటర్లలో సుమారు 40 శాతం ఎక్కువ పోయాలి.

2. ఇంజెక్టర్ సరిపోతుందో చూడండి. 6000 ఆర్‌పీఎం దగ్గర ఒక సైకిల్‌కు (క్రాంక్ రెండు చుట్లకు) దొరికేది 20 మిల్లీసెకన్లే. పల్స్ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం) 17 దాటుతోందంటే పెద్ద ఇంజెక్టర్ వేయాల్సిందే.

3. అసలు పని ఇదే. ఆ వేగంలో ఒక్క మిల్లీసెకనులో క్రాంక్ 36 డిగ్రీలు తిరుగుతుంది. పెట్రోల్‌కు 8 మిల్లీసెకన్లున్న పల్స్ 11 దాటితే, ముగింపు 100 డిగ్రీలకు పైగా ఆలస్యమవుతుంది. మొదలయ్యే కోణాన్ని పాతదే ఉంచితే చివరి చుక్కలు ఇన్‌టేక్ వాల్వ్ మూసుకున్నాక పడి, పోర్టు గోడకు అంటుకుని తర్వాతి సైకిల్‌లోకి పోతాయి. అందుకే ఈసీయూలో మొదలును కాదు, ఇంజెక్షన్ ముగిసే కోణాన్ని సెట్ చేయండి.

ఇంజన్ బాగా వేడెక్కనివ్వండి. లాంబ్డా కరెక్షన్ (ఆక్సిజన్ సెన్సర్‌ను బట్టి ఈసీయూ ఇంధనాన్ని సర్దడం) ఆపి, వేగం, థ్రాటిల్, పల్స్ కదలకుండా ఉంచి, ముగింపు కోణాన్ని 20 డిగ్రీల చొప్పున జరపండి. ప్రతిసారీ లాంబ్డా మీటరు (గాలికి ఇంధనం ఎంతుందో చూపేది, అంకె తగ్గితే ఇంధనం ఎక్కువున్నట్టు) కుదురుకునేదాకా ఆగండి. లాంబ్డా అంకె ఎక్కడ అన్నిటికన్నా తగ్గితే, అక్కడ పోసిన ఇంధనం వృథా కాకుండా సిలిండర్‌కు చేరుతోందన్నమాట. ఆ కోణం రాసుకోండి. వేగం మారితే మళ్లీ వెతకాలి. ఓపిక పట్టాల్సిన పనే, కానీ దీన్ని దాటేసి చేసిన ట్యూనింగ్‌ను నేను నమ్మను.

4. మే ఎండల్లో వాల్వ్ తెరిచి ఉన్నప్పుడు పడే ఎథనాల్ లోపలికొచ్చే గాలి నుంచే వేడి పీల్చుకుని దాన్ని చల్లబరుస్తుంది. లోడు మీద ఈ లాభం వదులుకోవద్దు.

5. సంక్రాంతి చలికి తెల్లవారుజామున స్టార్టింగ్ మొండికేస్తుంది. స్టార్టింగ్ ఇంధనాన్ని కొద్దికొద్దిగానే పెంచండి. ఎక్కువైతే అది సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, కింది ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, ఇంధనం వాసన వస్తే ఆయిల్ మార్చాకే మళ్లీ నడపండి.