పుస్తక మార్పిడిలో ఒకే పుస్తకం రెండుసార్లు వస్తే క్రెడిట్ల లెక్క ఎలా చూడాలి

ఆన్‌లైన్ పుస్తక మార్పిడిలో ఒకే పుస్తకం రెండు ప్రతులు చేరినప్పుడు, రెండో పార్శిల్ విప్పిన వెంటనే ‘అందింది’ అని నమోదు చేయకండి. సాధారణంగా మనం పుస్తకం కోరగానే మన ఖాతాలోని క్రెడిట్‌ను (ఒక పుస్తకం పంపినందుకు దక్కే, మరో పుస్తకం కోరడానికి వాడే పాయింటును) పక్కన ఉంచి, అందినట్టు మనం చెప్పాకే పంపినవారికి జమ చేస్తారు కనుక, తొందరలో వేరే అభ్యర్థన మీద నొక్కితే ఒకరికి రావలసింది మరొకరికి వెళ్లిపోతుంది.

ముందుగా రెండు కవర్లనూ పక్కపక్కన పెట్టి, పంపినవారి పేరు, తపాలా ముద్ర మీది తేదీ, ట్రాకింగ్ నంబరు చూసి, ఏది ఏ అభ్యర్థనకు చెందిందో రాసుకోండి. దేశాల మధ్య వెళ్లే రిజిస్టర్డ్ తపాలా నంబరులో మొదట రెండు ఇంగ్లిషు అక్షరాలు, తరువాత 9 అంకెలు, చివర పంపిన దేశాన్ని తెలిపే రెండు అక్షరాలు ఉంటాయి. పుస్తకం ఒకటే అయినా ఈ నంబర్లు వేరైతే అవి రెండు వేర్వేరు పార్శిళ్లు. లెక్క తేలేదాకా కవర్లు పారేయవద్దు, వాటి ఫొటోలు తీసి ఉంచండి.

పొరపాటు కొన్నిసార్లు కోరినవారు పెట్టుకున్న ‘కావలసిన పుస్తకాల’ జాబితాలోనే ఉంటుంది. 2007 జనవరి 1 నుంచి ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే అంతర్జాతీయ నంబరు) 10 అంకెల నుంచి 13 అంకెలకు మారింది. పాత నంబరుకు ముందు 978 చేరుతుంది, మొదటి 9 అంకెలు అలాగే ఉంటాయి, చివరి సరిచూపు అంకెను కొత్తగా లెక్కిస్తారు. ఒకే ముద్రణను ఈ రెండు నంబర్లతోనూ జాబితాలో చేర్చుకున్నవారికి రెండు ప్రతులు వస్తే, పంపిన ఇద్దరి తప్పూ లేదు, ఇద్దరికీ క్రెడిట్ ఇవ్వాలి.

అన్నిటికన్నా జాగ్రత్తగా చూడవలసింది ఆలస్యంగా వచ్చిన పార్శిల్ సంగతి. మొదటిది పోయిందనుకుని క్రెడిట్ వెనక్కి తీసుకుని, ఇంకొకరి దగ్గర అదే పుస్తకం తెప్పించుకున్నాక మొదటిది చేరిందనుకోండి. అప్పుడు మొదటి వ్యక్తికి ఆ రోజే కబురు పెట్టి, ‘రాలేదు’ అన్న నమోదును ‘అందింది’గా మార్చండి, అందుకు వీలు లేకపోతే మీ ఖాతా నుంచి ఒక క్రెడిట్ నేరుగా బదిలీ చేయండి. ఆయన తపాలా ఖర్చు పెట్టుకుని తన మాట నిలబెట్టుకున్నారు, ఆలస్యానికి ఆయన నష్టపోకూడదు. రెండో ప్రతి అక్కరలేదన్న కారణంతో ఈ క్రెడిట్ ఆపడం నా దృష్టిలో అన్యాయమే.

ఒకే వ్యక్తి ఒకే అభ్యర్థనకు పొరపాటున రెండు ప్రతులు పంపితే పరిస్థితి వేరు. మీరు ఇవ్వవలసింది ఒక్క క్రెడిట్టే, కానీ రెండో ప్రతి ఇంకా ఆయనదే. తిరిగి కావాలా అని అడగండి. కావాలంటే తపాలా ఖర్చు ఆయన భరించడం సబబు, ఉంచుకోమంటే మీరు దాన్ని మళ్లీ మార్పిడికి పెట్టవచ్చు. పంపింది ఒక్క పార్శిలే అయినా ‘పంపాను’ అని రెండుసార్లు నమోదైతే, రెండోదాన్ని ఆయన చేతే రద్దు చేయించండి; మీరు ‘రాలేదు’ అని గుర్తు పెడితే ఆయన పేరు మీద పోయిన పార్శిల్‌గా నిలిచిపోతుంది.

ఇద్దరి మధ్యా తేలకపోతే నిర్వాహకులకు రాయండి. రెండు అభ్యర్థనల సంఖ్యలు, ట్రాకింగ్ నంబర్లు, తేదీలు, కవర్ల ఫొటోలు ఒకే సందేశంలో పంపి, ఏ క్రెడిట్ ఎవరి ఖాతాకు చేరాలో స్పష్టంగా చెప్పండి. జవాబు వచ్చేదాకా ఆ రెండు అభ్యర్థనల్లో దేన్నీ ముట్టుకోకండి.