ముఖం మీద నల్ల మచ్చలు, మంగు: ఇంట్లో ఎలా తగ్గించుకోవాలి?

మచ్చ కనపడగానే చాలామంది చెయ్యి నిమ్మచెక్క మీదికే పోతుంది. అది వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి, ఉన్న మచ్చ ఇంకా ముదురుతుంది. వంటసోడా, టూత్‌పేస్టు కూడా చర్మాన్ని మండించేవే. శనగపిండి, పెరుగు పడితే నిరభ్యంతరంగా రాసుకోండి, కానీ వాటితో మచ్చ పోతుందని ఆశపడకండి.

1. ఏ రకం మచ్చో చూసుకోండి. మొటిమ మానిన చోట చుక్కలా మిగిలేది నిదానంగా దానంతటదే తగ్గుతుంది. రెండు బుగ్గల మీద, నుదుటి మీద గోధుమరంగు పొరలా పరుచుకునేది మంగు. గర్భిణులకు, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లకు ఎక్కువగా వస్తుంది. ఇది మొండిది, తగ్గినా మళ్లీ వస్తుంది. మెడ వెనక నల్లగా, మందంగా ఉంటే అది మురికి కాదు, ఎంత తోమినా పోదు. అది షుగరుకు సూచన కావచ్చు, ముందు షుగర్ పరీక్ష చేయించుకోండి.

2. రుద్దడం, గిల్లడం మానండి. పీచు, స్క్రబ్బు, గరుకు సున్నిపిండి ఏదైనా సరే, రాపిడికి మన చర్మం ఇంకా నల్లబడుతుంది.

3. రోజూ పొద్దున సన్‌స్క్రీన్ రాయండి. అసలు వైద్యం ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే. ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా అంతకన్నా ఎక్కువ ఉన్నది తీసుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. బఠాణీ గింజంత రాస్తే రాయనట్టే. బయట తిరిగేవాళ్లు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మబ్బు పట్టిన రోజు కూడా మినహాయింపు లేదు. మంగు ఉన్నవాళ్లకు మామూలు వెలుతురు కూడా పడదు కాబట్టి ఐరన్ ఆక్సైడ్ అనే రంగు పదార్థం కలిసిన, చర్మపు రంగులో ఉండే (టింటెడ్) సన్‌స్క్రీన్ మేలు. గొడుగు పట్టుకోవడానికి మొహమాటపడకండి.

4. రాత్రికి ఒక్క క్రీమ్ చాలు. 5 శాతం నియాసినమైడ్ గానీ, 10 శాతం అజెలాయిక్ ఆమ్లం గానీ ఎంచుకోండి. ముందు చెవి కింద కొద్దిగా రాసి రెండు రోజులు చూడండి. గర్భిణులు రెటినాల్ (విటమిన్-ఎ రకం మందు) ఉన్న క్రీముల జోలికి వెళ్లకూడదు.

5. రెండు మూడు నెలలు ఆగండి. రోజూ అద్దంలో చూసుకుంటే టెన్షనే తప్ప తేడా తెలియదు. నెలకోసారి, ఒకే కిటికీ దగ్గర ఫోటో తీసుకోండి.

ఇంకో మాట. మందుల షాపులో అడగ్గానే ఇచ్చే కొన్ని మచ్చల క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. ట్యూబు మీద మొమెటాసోన్ అనో, బీటామెథసోన్ అనో కనిపిస్తే డాక్టరు చెప్పకుండా వాడకండి. మొదట్లో ముఖం మెరుస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలూ వెంట్రుకలూ వస్తాయి. మానేస్తే మంట.

మచ్చ మీద స్పర్శ తెలియకపోయినా, తెల్లబడినా, పుట్టుమచ్చ ఆకారం మారినా, రక్తం కారినా ఇంటి వైద్యం పక్కనపెట్టి చర్మవ్యాధుల డాక్టరుకు చూపించండి.