కార్బన్ బాణం మొన టార్గెట్‌లోనే ఉండిపోతోందా?

1972 వన్యప్రాణి చట్టం ఉంది కాబట్టి వేట మొనల జోలికి పోవద్దు, ఇది టార్గెట్ బాణాల సంగతి. మొనలు స్టెయిన్‌లెస్ స్టీలువే తీసుకోండి. వైజాగ్ ఉప్పుగాలికి మామూలు స్టీలు ఇట్టే తుప్పు పడుతుంది. ఆ గరుకు టార్గెట్‌లో పట్టేసి, లాగితే బాణం చేతికొస్తుంది, మొన రాదు.

అసలు తేడా వచ్చేది అతికించే దగ్గరే. ముందు ఇయర్ బడ్‌కి స్పిరిట్ అద్ది షాఫ్ట్ (బాణం గొట్టం) లోపల తుడిచి ఆరనివ్వండి. కార్బన్ పొడి మిగిలితే జిగురు పొడికే అంటుకుంటుంది. మొనను పట్టకారుతో పట్టుకుని దాన్నే వేడి చేయండి. షాఫ్ట్‌కి మంట తగిలిందా, కార్బన్‌ని పట్టి ఉంచే రెజిన్ పాడైపోతుంది. హాట్ మెల్ట్ (వేడికి కరిగే జిగురు) కరిగేంత వేడి చాలు. మొన కాడకి ఆ జిగురు పట్టించి, తిప్పుతూ లోపలికి దించి, బయటికి పొంగింది తుడిచేయండి. సూపర్ గ్లూ మాత్రం వద్దు, తర్వాత మొన తీయాలంటే నరకం.

మొన మీద 100 గ్రెయిన్లని (గ్రెయిన్ అంటే మొనల బరువు కొలత) రాసి ఉన్నా ఒక్కొక్కటీ తూచుకోండి. 1 గ్రెయిన్ దాటి తేడా ఉన్నవి ప్రాక్టీసుకి పెట్టుకోవచ్చు. బాణాన్ని అరచేతిలో నిలబెట్టి గిర్రున తిప్పినప్పుడు వణుకు తెలిసిందంటే మొన వంకరగా దిగి ఉండొచ్చు. మొనని మాత్రమే మళ్లీ వేడి చేసి తీయండి.